అమ్మ చేతిలో కూడా చచ్చిపోయిన మిరపమొక్క

మా ఇంట్లో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. అమ్మది మంచి చెయ్యి, నాది కాదు. అమ్మ ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందట. నేను చిగురున్న మొక్క తెచ్చినా వారంలో ఎండుపుల్ల చేస్తానట. మా చెల్లెలు పెళ్ళిళ్ళలో చుట్టాల ముందు ఇది చెప్పి అందరినీ నవ్విస్తుంది. నేనూ నవ్వేవాణ్ణి. డాక్టర్లకి హస్తవాసి ఉంటుందంటారు, మొక్కలు పెట్టేవాళ్ళకీ ఉంటుందంటారు. నాకు లేదు, అంతే కదా అనుకుని నలభై రెండేళ్ళు గడిపేశాను.

తర్వాత అమ్మ చేతిలో కూడా మొక్కలు చచ్చిపోవడం నా కళ్ళతో చూశాను.

మాది చోడవరం దగ్గర పల్లె. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ ఆరు నెలలు విశాఖలో మా దగ్గరే ఉంది. మురళీనగర్‌లో నాలుగో అంతస్తు, రెండు బాల్కనీలు. వచ్చిన మూడో వారానికే విసుగెత్తిపోయి మిరప నారు, వంగ నారు తెప్పించమంది. నేను ఎప్పుడో మోజుపడి కొని, మొక్కలు పోయాక బట్టలారేసే స్టాండు వెనక దాచేసిన ఆరు ప్లాస్టిక్ కుండీలు బయటికి తీశాం. అమ్మే స్వయంగా మట్టి కలిపి, స్టూలు మీద కూర్చుని నాటింది. నలభై రోజుల్లో ఆరింట్లో నాలుగు పోయాయి. అమ్మ చాలా బాధపడింది. నాకు మాత్రం లోలోపల కొంచెం సంతోషం కలిగింది, దాచడం దేనికి.

"ఏటోరా, ఈ మేడ మీద మట్టికి ప్రాణం లేదు" అంది.

ఒక ఆదివారం పొద్దున్న చచ్చిపోయిన మిరప కుండీని పాత పేపరు మీద బోర్లించాను. పైన రెండంగుళాల మట్టి పొడిపొడిగా ఉంది. దాని కింద అంతా బురద. వేళ్ళు తెల్లగా ఉండాల్సింది పోయి గోధుమరంగులో, మెత్తగా, పట్టుకుంటే పైతోలు జారిపోయి లోపలి దారం మిగిలేలా ఉన్నాయి. మురుగుకాలువ వాసన. కుండీ తిప్పి అడుగు చూస్తే అసలు సంగతి తెలిసింది. కన్నాలున్నట్టు గుండ్రటి గుర్తులు ఆరు ఉన్నాయి గానీ, ఒక్కటీ తెరుచుకుని లేదు. వాటి మీద పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. కొన్నవాళ్ళు పొడుచుకోవాలన్నమాట. ఆ సంగతి నాకు తెలీదు, మట్టికుండల్లో తప్ప పెంచని అమ్మకీ తెలీదు. పైన పొడిగా కనిపిస్తోంది కదా అని పొద్దున్నే అమ్మ పోసేది, ఆఫీసుకి వెళ్తూ నేను పోసేవాణ్ణి, సాయంత్రం మా ఆవిడ పోసేది. ముగ్గురం కలిసి ప్రేమగా ముంచేశాం.

గ్యాస్ పొయ్యి మీద మేకు కాల్చి, పట్టకారుతో పట్టుకుని ఆ ఆరు కన్నాలూ, మిగతా కుండీల కన్నాలూ పొడిచాను. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ వాసన. మిగిలిన రెండు మొక్కలు పదిహేను రోజుల్లో తేరుకున్నాయి. వాటి విషయంలో మా ఇద్దరి హస్తవాసీ అప్పటికప్పుడు బాగుపడిపోయినట్టేనా? చెయ్యి అదే, మనిషీ అదే. మారింది కుండీ అడుగు.

అప్పటినుంచి హస్తవాసి అన్న మాట వింటే నాకు అనుమానం.

అనుమానం కలిగాక మా ఊరి పెరడుని కొత్తగా గుర్తు చేసుకున్నాను. నుయ్యి, పక్కన చప్టా, చప్టా మీద రోజుకి మూడుసార్లు అంట్లు, పొద్దున్న పూట స్నానాలు. ఆ నీళ్ళు పారే దారిలో అరటి, చేమ. అవి తాగగా మిగిలింది ఇంకొంచెం ముందుకెళ్ళి ఆనప పాదులోకి. పాదు పాక మీదకి పాకేది. పొయ్యిలో బూడిద తీసి ఎక్కడ పొయ్యాలి? పాదులోనే. శాలలో గత్తం, అంటే పశువుల ఎరువు, ఏడాదంతా కుప్పపడి మాగి ఉండేది. కోళ్ళు పురుగుల్ని ఏరుకు తినేవి. అమ్మ మొక్కలకి చెంబుతో నీళ్ళు పోస్తుండగా చూసిన గుర్తు నాకు పెద్దగా లేదు. అంట్లు తోమితే మొక్కలకి నీళ్ళు పెట్టినట్టే. అది తరాల నాటి ఏర్పాటు, మా నాయనమ్మకి ముందు నుంచీ ఉన్నదే. అమ్మ ఆ ఏర్పాటు మధ్యలో నిలబడి రోజుకి నలభైసార్లు అటూ ఇటూ తిరిగేది. వంగ ఆకు కింద పురుగు గుడ్లు పెడితే ఆ పూటే కంటబడేవి, వేలితో నలిపేసేది. నేను మొక్క మొహం చూసేది ఆదివారం. అప్పటికి గుడ్లు పురుగులై, పురుగులు ఆకుల్ని జల్లెడ చేసి ఉంటాయి. ఇద్దరికీ తేడా చేతిలో ఉందంటారా?

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది, ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నాన్న మూడెకరాల్లో వరి పండిస్తే ఇంట్లో అందరూ దాన్ని కష్టం అనేవారు. "పాపం, రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడు" అనేవారు. అమ్మ పెరట్లో ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ కూరలు పండిస్తే మాత్రం "ఆవిడ చెయ్యి మంచిది" అనేవారు. అది పొగడ్తే, కాదనను. కానీ ఆ పొగడ్తతో ఆవిడ చేసిన పని మొత్తం మాయమైపోయింది. చెయ్యి మంచిదైతే చాకిరీ లేనట్టే కదా! అదే మాట నాకు ఇంకోలా పనికొచ్చింది. నాకు ఆ చెయ్యి లేదు కాబట్టి పెరట్లో అడుగుపెట్టాల్సిన అవసరమూ లేదు. ఇలా చెప్పుకునే మగవాళ్ళు మా వంశంలో చాలామందిమి ఉన్నాం.

మొక్కలకి మన చేతులతో పెద్ద పనిలేదని నాకు నిజానికి ఇంకా ముందే తెలియాలి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12 ఆదివారం విశాఖ మీదే తీరం దాటింది. అప్పుడు సీతమ్మధారలో అద్దెకుండేవాళ్ళం. గాలి గంటకి 180 కిలోమీటర్లు. పెరట్లో ఉన్న మునగచెట్టు మొదలంటా పడిపోయింది. ఊళ్ళో నిలిచిన చెట్లకి కూడా ఆకు లేదు, కొండలన్నీ కాల్చేసినట్టు గోధుమరంగులోకి మారిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. తడిసిన బట్టలు ఆరేసుకోవడానికి దండెం కట్టాలని, పడిపోయిన మునగకొమ్మ ఒకటి లావుపాటిది విరిచి గోడవారన పాతి దానికి తాడు కట్టాను. డిసెంబరుకల్లా ఆ దండెం గుంజ చిగుర్లేసింది! మునగని కొమ్మ పాతే పెంచుతారని రైతులందరికీ తెలుసు. నాకు మాత్రం అది వింతగా తోచి ఫోటో తీసి చెల్లెలికి పంపాను. "నువ్వు పాతినట్టు దానికి తెలీలేదేమో" అని జవాబిచ్చింది.

ఇదంతా చెప్పి, ఎవరైనా ఏదైనా పెంచెయ్యొచ్చని అనడం నా ఉద్దేశం కాదు. అలా చెప్పి సరుకు అమ్ముకునేవాళ్ళు ఫోన్ నిండా ఉన్నారు. హస్తవాసి పుట్టుకతో వస్తుందని పాతవాళ్ళు అంటే, పార్సిల్‌లో వస్తుందని వీళ్ళంటారు. నేను రెండో రకం వాళ్ళనీ నమ్మాను. కోకోపీట్ (కొబ్బరిపొట్టు) ఇటుకలు, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), సీసాలో ఏదో నల్లటి టానిక్, చిన్న పార, చిన్న గొడ్డలిలాంటిది ఒకటి, పన్నెండు రకాల విత్తనాల పొట్లాలు. మొదటి ఏడాది ఖర్చు నాలుగువేల చిల్లర. దిగుబడి పదకొండు టమాటాలు. మా ఆవిడ ఆ లెక్క కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించింది. చాలా కాలం ఉంది అది అక్కడ.

ఆ టమాటా సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట దానితోనే మొదలెట్టి, దానితోనే ఆపేస్తారు. నేను మార్చిలో నాటాను. మొక్క బ్రహ్మాండంగా పెరిగింది, ఏప్రిల్లో పసుపు పూలు గుత్తులుగా వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే రాలిపోయాయి. టానిక్ పోశాను. ఇంకా రాలాయి. టమాటాకి రాత్రి చల్లబడాలి. రాత్రి 24 డిగ్రీలు దాటితే పూత పిందె కట్టడం కష్టం. మే నెలలో విశాఖలో తెల్లవారుజామున కూడా 27, 28 డిగ్రీలుంటుంది, పైగా సముద్రం ఉక్క. టమాటాకి పేరుపడ్డ మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మాకు ఎదురుగా ఉన్నది సముద్రమే. అక్టోబరు ఆఖర్లో నాటిన టమాటా సంక్రాంతి దాటాక మా బాల్కనీలోనే చక్కగా కాసింది. అంటే మార్చిలో ఓడిపోయింది నేను కాదు, క్యాలెండరు. పెరట్లో అమ్మ ఎండాకాలం టమాటా వేసేదే కాదు. ఎందుకు వెయ్యవు అని మేమెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అలా చెప్పకుండా ఉండిపోయిన లెక్కలన్నీ కలిపి మేం హస్తవాసి అని పేరు పెట్టుకున్నాం.

కొత్తిమీర ఇంకో కథ. పోపులపెట్టెలో ధనియాలు తీసి చల్లాను. ఏడో రోజుకీ రాలేదని మట్టి కెలికి చూశాను, అప్పుడే తోక వస్తున్న గింజలు విరిగిపోయాయి. కొత్తిమీరకి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ధనియాన్ని అప్పడాల కర్రతో మెల్లగా నొక్కి రెండు బద్దలు చేసి చల్లాలి, ఒక్కో బద్దలో ఒక్కో గింజ ఉంటుంది. ఇవన్నీ చేసినా ఎండ ముదిరితే ఆకు వెయ్యకుండా పూతకొచ్చేస్తుంది. నా సలహా అడిగితే, కొత్తిమీర కొనుక్కోండి. రైతుబజార్లు 1999 నుంచీ ఉన్నది అందుకే. కంచరపాలెం రైతుబజారులో కట్ట తెచ్చుకుంటే మూడు రోజులు వస్తుంది, ఏ బాధా ఉండదు. ఏది పెంచకూడదో ముందే తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అదే రైతుబజారు నుంచి బచ్చలి కట్ట తెచ్చినప్పుడు మాత్రం ఆకులు గిల్లుకున్నాక కాడలు పారెయ్యకండి. జానెడు ముక్కలు, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చితే పది పన్నెండు రోజుల్లో వేళ్ళూనుతాయి. పొన్నగంటి కూడా అంతే, పుదీనా కూడా అంతే. వీటికి విత్తనం కొనక్కర్లేదు, టానిక్ అక్కర్లేదు. బచ్చలికి ఉక్క అంటే ఇష్టం, మా ఊళ్ళో అది కావలసినంత. మా బాల్కనీ గ్రిల్లు మీద ఇప్పుడు ఎర్రబచ్చలి ఎంత పాకిందంటే పక్కింటావిడ బట్టలారేసుకునే చోటికి వెళ్ళి ఒక మాట పడ్డాం. నెలకి రెండుసార్లు కందా బచ్చలీ వండుకుంటాం, ఆవపెట్టి. కంద మాత్రం కొన్నదే. తోటకూర ఇంకా తేలిక. విత్తనం ఆవగింజలో సగం ఉంటుంది కాబట్టి గుప్పెడు ఇసకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి దులపాలి. నెల తిరక్కుండా కోసుకోవచ్చు.

ఎండ సంగతి మాత్రం నేను సొంతంగా కనిపెట్టినందుకు కొంచెం గర్వంగా ఉంది. మా రెండు బాల్కనీల్లో ఒకటి దక్షిణం, ఒకటి ఉత్తరం. దక్షిణం బాల్కనీలో ఎండ బాగా వస్తుందని అన్నీ అక్కడే పెట్టాను. చలికాలమంతా బాగున్నాయి. మే నెల వచ్చేసరికి మిరప సాగిపోయి, ఆకు పాలిపోయింది. ఊరంతా ఎండకి మాడిపోతుంటే మా మొక్కలు ఎండ చాలక చస్తున్నాయి! నమ్మలేక సుద్దముక్కతో బాల్కనీ నేలమీద గంటగంటకీ ఎండ గీత గీశాను. సుద్ద పెద్దగా అరగలేదు, అసలు ఎండ లోపలికి వస్తే కదా. విశాఖ భూమధ్యరేఖకి ఉత్తరంగా 17 డిగ్రీలు దాటి ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరం వైపు జరిగిపోతాడు. దక్షిణం బాల్కనీకి నీడే మిగులుతుంది. కుండీలు ఉత్తరం వైపు మార్చాక మిరప కోలుకుంది.

ఈ శాస్త్రమంతా అమ్మకి ఫోన్లో వివరించాను. "ఉత్తరాయణంలో సూరీడు ఉత్తరం ఎల్తాడని ముగ్గులేసే ఆడోళ్ళకి తెలీదేటిరా?" అంది.

మిరప ఆకుముడత కూడా ఆవిడతోనే తేల్చుకున్నాను. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. వేపనూనె లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త సబ్బునీళ్ళు, సాయంత్రం పూట ఆకు కింద తడిసేలా కొట్టాలి. ఆవిడైతే పుల్లమజ్జిగలో ఇంగువ కలిపి చల్లమంది. అదీ చేశాను. ఏది పనిచేసిందో తెలీదు గానీ బాల్కనీ రెండు రోజులు తిరగమోత వాసన కొట్టింది.

నీళ్ళలోనూ తేడా ఉంది. మా అపార్ట్‌మెంటులో మున్సిపల్ పంపు వేరు, బోరు పంపు వేరు. బోరు నీళ్ళు పోసిన కుండీల అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడతాయి. ఏసీలోంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టి పోస్తే అందులో ఉప్పుండదు. ఆ ఏసీ బయటి పెట్టె ఊదే వేడిగాలికి మాత్రం మొక్కని ఎదురు పెట్టకూడదు. పెట్టి చూశాను.

మీకు నవ్వొస్తుందని తెలిసినా ఆనప పాదు గురించి రాస్తాను. మేడ మీద నీలం డ్రమ్ము సగానికి కోసి, అడుగున బోలెడు కన్నాలు పెట్టి, ఒక్క విత్తనం వేశాను. తీగ పందిరంతా అల్లుకుంది. ఆడపువ్వు వెనక వేలెడు పిందె నూగునూగుగా వచ్చేది, నాలుగు రోజుల్లో పసుపెక్కి ఊడిపోయేది. తొమ్మిది పిందెలు అలా పోయాయి. దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టమన్నవాళ్ళున్నారు. ఆనప పువ్వు పొద్దుగూకాక విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది. దానికి చీకట్లో తిరిగే రెక్కల పురుగులు కావాలి. ఊళ్ళో పెరడు నిండా ఉండేవి. అయిదంతస్తుల పైన, చుట్టూ సిమెంటు, వాటికి రావలసిన పనేముంది? సరే, నేనే ఆ పని చేద్దామని సాయంత్రం ఆరున్నరకి ఫోన్ లైటు వేసుకుని మేడెక్కాను. సన్నటి పొడవాటి కాడ ఉన్నది మగపువ్వు. దాన్ని తుంచి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలో పుప్పొడి ముద్దని ఆడపువ్వు బుడిపె మీద మెల్లగా రాయాలి. మొదటిసారి చెయ్యి వణికింది. వెనకాల వాకింగ్‌కి వచ్చిన అసోసియేషన్ పెద్దాయన ఆగి చాలాసేపు చూసి, ఏమీ అడక్కుండానే కిందికి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం ఊరంతా చెప్పింది, "మావోడు ఆనపపువ్వులకి పెళ్ళిళ్ళు చేస్తన్నాడు" అని. నాలుగు నిలిచాయి. మొదటి కాయ పులుసు పెట్టాం.

ఇంత రాశాక ఒక ప్రశ్నకి జవాబు చెప్పకపోతే అన్యాయం. అందరూ ఇవే చేసినా కొందరికి బాగా వస్తుంది కదా, అది హస్తవాసి కాదా? మా వాచ్‌మన్ భార్య ఉంది, శ్రీకాకుళం వైపు మనిషి. సంపు పక్కన పాత పెయింట్ డబ్బాల్లో తోటకూర, గోంగూర, వంగ. నావాటికంటే ఎప్పుడూ రెండింతలుంటాయి. ఒప్పుకుంటాను. కానీ ఆవిడ రోజంతా కూర్చునేది ఆ డబ్బాల పక్కనే. కూరగాయలు తరుగుతూ, పిల్లాడికి అన్నం పెడుతూ, వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడుతూ ఒక చేత్తో ఆకులు తిరగేస్తుంటుంది. సంపు నిండి పొర్లిన నీళ్ళు డబ్బాల మీదుగా పోతాయి. మా ఊరి చప్టా ఇక్కడ అపార్ట్‌మెంటు సంపు రూపంలో వెలిసింది. ఆవిణ్ణి చూశాకే నేను నా కుండీల్ని మేడ మీద నుంచి సగం దింపేసి, పొద్దున్న కాఫీ తాగే కుర్చీ చుట్టూ పెట్టుకున్నాను. మేడ మీదకి నాలుగు రోజులకోసారి వెళ్తాను, కాఫీ రోజుకి రెండుసార్లు తాగుతాను. మట్టిలో వేలు రెండో కణుపు దాకా గుచ్చి, చెమ్మ తగిలితే నీళ్ళు పొయ్యకుండా ఊరుకోవడం అక్కడే అలవాటైంది. నాకు అన్నిటికంటే కష్టమైన పని అదే, ఊరుకోవడం.

డబ్బు మిగులుతుందని మాత్రం ఇప్పటికీ చెప్పను. మా ఆవిడ లెక్క కాగితం తీసేసింది గానీ, లెక్క ఇంకా నష్టంలోనే ఉంది. కింది ఫ్లాట్ వాళ్ళ గోడకి చెమ్మ దిగుతోందని ఒక గొడవ, తడిమట్టి బరువుకి స్లాబు ఏమవుతుందని ఇంకో గొడవ. రెండూ న్యాయమైనవే. మేడ మీద డ్రమ్ములు రెండుకి మించి పెట్టనని ఒప్పుకున్నాను.

ఈ వారం వంగ మీద పిండినల్లి వచ్చింది. కొమ్మ చంకల్లో తెల్లగా, దూది అంటినట్టు. శనివారం సాయంత్రం కనిపించింది, పాత టూత్‌బ్రష్ ఒకటి సబ్బునీళ్ళ గిన్నెలో వేసి కాఫీ కుర్చీ కింద పెట్టాను. చెల్లెలు ఆదివారం పిల్లలతో వస్తానంది. ఇంకో టూత్‌బ్రష్ కూడా వెతుకుతున్నాను.